పెద్ద గుండిగ మూత

"పెద్ద గుండిగ మూత ఎక్కడుందే?"

ఫ్లోరికా మొగుడు ట్రాయిలో గుమ్మంలోనే నిలబడి అడిగాడు. లోపలికి రాలేదు. పెళ్ళాం తుంటి విరిగి మంచాన పడ్డ దగ్గర్నుంచి ఆ గదిలో అడుగు పెట్టాలంటే అతనికి అదో రకం బెదురు.

"నేలమాళిగలో, పీపా వెనక," అంది ఫ్లోరికా.

"చూశాను. లేదు."

"సారా పీపా కాదు. క్యాబేజీ ఊరేసిన పీపా. గోడకి ఆనించి ఉంటుంది, మీద గోనె కప్పాను."

వెళ్ళాడు. కాసేపటికి ఇనుప మూత రాతిమెట్లకి తగిలిన చప్పుడు వినిపించింది. దొరికిందన్నమాట. దొరికిందని చెప్పడానికి ఎవరూ రాలేదు. ఆ వెనకే పక్కింటి పేర్సిదా తల లోపలికి పెట్టింది. చేతులకి మోచేతుల దాకా పిండి.

"ఏమే, జల్లెడెక్కడ పెట్టావు?"

"తలుపు వెనక మేకుకి."

"బల్లల మీద పరిచే గుడ్డలు?"

"పెట్టెలో అడుగున. పైన మా అత్త తన చావుకి దాచుకున్న బట్టల మూట ఉంటుంది, దాన్ని విప్పకు, అరుస్తుంది."

"మనిద్దరినీ సాగనంపితే గానీ ఆ ముసలిది మూట విప్పదులే," అని పేర్సిదా పకపకా నవ్వింది. నవ్వాక తను ఏమన్నదో తట్టింది. నాలుక కరుచుకుని తల వెనక్కి తీసుకుంది.

ఫ్లోరికా పైకప్పు దూలాల వైపు చూస్తూ పడుకుంది. ఉప్పెక్కడుంది, కత్తి ఎక్కడుంది, చేప వేయించే పెనం ఎవరికి ఎరువిచ్చావు. పొద్దుటి నుంచీ ఇదే వరస. నలభై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆమెకే తెలుసు. తెలుసు అని ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఎక్కడుంది అని మాత్రమే అడిగారు. రేపు ఆ గుండిగలో ఉడికేది ఆమె పేరు మీద పెట్టే అన్నం. పోయినవాళ్ళ పేరున పెట్టే ఆ భోజనాన్ని ఇక్కడ పొమాన అంటారు. పెట్టకపోతే పోయినవాళ్ళు అవతల లోకంలో ఆకలితో, చీకట్లో తిరుగుతారు. పిల్లలున్నవాళ్ళకి పిల్లలు పెడతారు. లేనివాళ్ళు బతికుండగానే పెట్టించుకోవాలి. ఫ్లోరికాకి పిల్లలు లేరు. అందుకని మొగుడు ముందుకొచ్చాడు. ఊరంతా మెచ్చుకుంది. ఎంత మంచివాడమ్మా, పెళ్ళాం మీద ఎంత ప్రేమ, అంది. అది అబద్ధం కూడా కాదు. అతను ప్రేమతోనే చేస్తున్నాడు. అందుకే తిట్టడానికి లేదు, ఏడవడానికి లేదు. తన చావు భోజనానికి ఉప్పు ఎక్కడుందో తనే చెప్పాలి.

తుంటి విరిగింది కిందటి వారం. అప్పటికి ఆమె ఆరేళ్ళ నుంచి డయాలసిస్ మీద ఉంది. మంగళవారం, గురువారం, శనివారం ఆసుపత్రి వ్యాను వచ్చి పట్నం తీసుకుపోతుంది. నాలుగు గంటలు మెషీను రక్తం కడిగి మళ్ళీ ఒంట్లోకి పంపుతుంది. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు పిండి ఆరేసిన గుడ్డలా ఉంటుంది. ఆ ఒంటితోనే మేకలకి పాలు తీసేది, రొట్టె కాల్చేది, అత్త కాళ్ళకి కొవ్వు రాసేది. "మెషీను కడుగుతుంది కదా, నీకింక నీరసం దేనికి" అనేది అత్త సంఫీరా. ఆ రోజూ మెషీను దగ్గర్నుంచి వచ్చి పాలబిందె ఎత్తింది. అందరూ పడి విరగ్గొట్టుకుందనుకున్నారు. అలా జరగలేదు. వంటింటి గడప దాటుతుంటే తొడ మొదట్లో ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. ఇదేమిటా అనుకునే లోపల నేల మీదుంది. పడి విరగలేదు, విరిగి పడింది. అన్నేళ్ళ మెషీను బతుకులో ఎముకలు పుచ్చిన కర్రల్లా అయిపోతాయని తర్వాత డాక్టరు చెప్పింది.

పై గదిలోంచి అత్త కేక వినిపించింది. "ఏంటా చప్పుడు? పాలు ఒలికాయా?"

ఒలికాయి అని చెప్పింది ఫ్లోరికా. తను పడ్డానని తర్వాత చెప్పింది.

పట్నం ఆసుపత్రిలో డాక్టరు జోరిత్సా మంచానికి ఒక పక్కన, ట్రాయిలో ఇంకో పక్కన నిలబడ్డారు. మాటలు ఫ్లోరికా మీదుగా అటూ ఇటూ నడిచాయి.

"ఆపరేషన్ చెయ్యకపోతే మంచం దిగలేరు," అంది డాక్టరు. "మంచం పట్టిన డయాలసిస్ మనిషికి వీపున పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. ఏడాది గడవడం కష్టం."

"చేస్తే?"

"చేసినా ప్రమాదం ఉంది. ఎముక గుల్ల, గుండె బలహీనం. ఇలాంటివాళ్ళలో ఏడాది తర్వాత చూస్తే సగం మందే ఉంటారు. ఉన్నవాళ్ళలో కొందరు కర్ర పట్టుకుని నడుస్తారు. కొందరు నడవరు."

ట్రాయిలో టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "సగం మందేనా? అంటే అటైనా ఇటైనా ఒకటే కదా డాక్టరమ్మా. ఇంక కొయ్యడం దేనికి, దాన్ని బాధపెట్టడం దేనికి?"

డాక్టరు అప్పుడు కిందికి చూసింది. "మీరేమంటారు?"

ఫ్లోరికా వెంటనే మొగుడి మొహంలోకి చూసింది. ఎందుకు చూసిందో ఆమెకే తెలియదు. మేకని అమ్మాలన్నా, గోడకి సున్నం వెయ్యాలన్నా, డయాలసిస్‌కి ఒప్పుకోవాలన్నా ముందు ఆ మొహం చూడడం అలవాటు. "ఆయన ఎలా అంటే అలా," అంది. అన్నది నోరు. ఆ మాట బయటికి వచ్చాక లోపల ఎవరో చప్పున చెయ్యి పట్టుకుని ఆపబోయినట్టు అనిపించింది కానీ అప్పటికే స్ట్రెచర్ కదిలింది. వ్యానులో ఇంటికి వస్తూ ట్రాయిలో ఆమె చెయ్యి నిమిరాడు. "నిన్ను కోతలకి ఇవ్వను. నీకు గొప్పగా పొమాన పెడతాను, ఊరు చెప్పుకోవాలి," అన్నాడు.

నిన్న గురువారం మెషీను దగ్గర ఉండగా డాక్టరు వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈసారి మాట తన మీదుగా పోవడానికి అవతల ఎవరూ లేరు.

"ఇవాళ మిమ్మల్నే అడుగుతున్నాను. సంతకం మీది, ఆయనది కాదు."

ఫ్లోరికా గొట్టంలో పరిగెత్తే తన రక్తం వైపు చూసింది. తర్వాత అడిగింది. "సగం అంటే, పదిమందిలో ఐదుగురు పోతారా?"

"ఐదుగురు ఉంటారు కూడా. మీరు ఎటు ఉంటారో మాత్రం నేను చెప్పలేను. అబద్ధం చెప్పను."

"నడుస్తానా?"

"నడిపించడానికి చూస్తాం. ఒప్పుకుంటే శనివారం డయాలసిస్ అయ్యాక ఇక్కడే ఉంచుకుంటాను, సోమవారం చేస్తాను. ఇప్పటికే ఆలస్యమైంది. ఇదీ దాటితే చెయ్యమన్నా చెయ్యను."

"శనివారం మా ఇంట్లో భోజనాలున్నాయి."

"ఎవరివి?"

"నావే."

డాక్టరు నవ్వలేదు. సూదులు గుచ్చి ఉన్న ఫ్లోరికా చేతి మీద ఒక్కసారి చెయ్యి వేసి, లేచి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచీ ఆ మాట ఫ్లోరికాని వదలడం లేదు. సగం. ట్రాయిలోకి అది తక్కువగా వినిపించింది. వినిపించదా మరి, అతనికి ఏదైనా పూర్తిగానే వచ్చింది. కోడిని కోస్తే తొడలు అతనికి, రొమ్ము అత్తకి, మెడ, రెక్కలు తనకి. మంచంలో గోడవైపు జాగా తనది, కిటికీ వైపు అతనిది. పుట్టింటి నుంచి తెచ్చిన రేగుతోట కూడా ఎప్పుడు అతని పేరున పడిందో గుర్తులేదు. ఏదో సర్దుకున్నాను, బతికాను, అంతే. వాటా అన్న మాట ఎవరూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. ఇప్పుడు ఎవరో తెల్లకోటు ఆడమనిషి వచ్చి, నీకు సగం ఉంది, కావాలా వద్దా అని అడుగుతోంది. సగం అంటే తక్కువా? ఈ ఇంట్లో నలభై ఏళ్ళలో తనకి ఎవరైనా సగం ఇచ్చారా?

పొద్దు వాలుతుండగా అత్త కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చింది. సంఫీరాకి ఎనభై నాలుగు. తన పొమాన తను పద్దెనిమిదేళ్ళ కిందటే పెట్టించుకుంది. మూడు పందులు కోశారు. వండింది ఫ్లోరికానే. అప్పట్నుంచీ ముసలామె అవతలి లోకం గురించి నిశ్చింతగా ఉంది, ఇవతలి లోకంలో పొద్దుకో గుడ్డు తింటోంది.

"నీళ్ళు తాగావా?" అంది మంచం అంచున కూర్చుంటూ.

"రెండు గ్లాసులయ్యాయి. రాత్రికొకటి దాచుకున్నాను." మూత్రం రాని ఒంటికి నీళ్ళు విషం. రోజుకి మూడే. ఎండాకాలంలో బావి చప్పుడు వినిపిస్తే చెవులు మూసుకునేది.

అత్త జాలిగా చూసింది. నిజంగానే జాలిపడింది. "రేపు వాగు దగ్గర నీ పేరున నీళ్ళు వదిలిస్తున్నాను. సొరకాయ బుర్రలో దీపం పెట్టి వదులుతారు. ఇంక అక్కడ నీకు ఎన్ని కావాలంటే అన్ని నీళ్ళే పిల్లా. కడుపునిండా తాగొచ్చు."

ఫ్లోరికా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఆ వాగు నీళ్ళు కళ్ళముందు గలగలమన్నాయి. ఒక్క క్షణం నిజంగానే ఆశపుట్టింది. అంతసేపు ఆశపడ్డందుకు భయం వేసింది. దాచుకున్న మూడో గ్లాసు అందుకుని, సగం తాగి, మూత పెట్టింది.

"నాకు ఇక్కడివి చాలత్తా," అంది.

ముసలామెకి వినపడలేదు. వినపడినా అర్థమయ్యేది కాదు.

శనివారం ఆమె మంచాన్ని నలుగురు పట్టి ద్రాక్ష పందిరి కిందికి తెచ్చారు. కదిలించినప్పుడల్లా తొడలోంచి నిప్పు లేచి నడినెత్తికి ఎక్కింది. పళ్ళు కరుచుకుంది. తన పొమానలో తను ఉండాలి, ఉండి చూడాలి. వాకిట్లో బల్లలన్నీ వరసగా వేశారు. వాటి మీద ఆమె ఇస్త్రీ చేసి దాచిన గుడ్డలు, ఆమె ఊరేసిన ఎర్ర మిరపకాయలు, ఆమె పెంచిన పందుల మాంసం. చుట్టూ ఊరు. బల్ల ముందు వరసలో పేర్సిదా కూర్చుంది. ఒంటి మీద కొత్త గౌను, తలకి కొత్త రుమాలు, కాళ్ళకి మెరిసే నల్ల బూట్లు. ఈడు కలిసిన ఆడమనిషి ఆ బట్టలు కట్టుకుని తింటే అవి అవతల ఫ్లోరికాకి చేరతాయి. బూట్లు కొనడానికి పోతూ ట్రాయిలో ఈ పందిరి కిందే నిలబడి, పాదం కొలత ఎంత అని పేర్సిదాని అడిగాడు. పేర్సిదా చెప్పింది. పెళ్ళాం పాదం ఎంతో అతను అడగలేదు. అవసరం రాలేదు.

"బాగున్నాయా?" అని పేర్సిదా సిగ్గుపడుతూ కాలు ముందుకు చాపింది.

"బాగున్నాయి. నువ్వు నడువు," అంది ఫ్లోరికా.

కొవ్వొత్తులు వెలిగించారు. అప్పుడు గేటు దగ్గర హారన్ మోగింది.

ట్రాయిలో గబగబా అటు వెళ్ళాడు. పందిరి కింద నుంచి ఆమెకి అన్నీ వినపడుతున్నాయి. వ్యాను డ్రైవరు జీవోయిన్ గొంతు: "పిన్ని సిద్ధంగా ఉందా బాబాయ్?"

"ఇవాళ రాదు. చూస్తున్నావుగా, జనం. దాని పొమాన. రేపు తీసుకుపో."

"రేపు ఆదివారం. మెషీను ఉండదు."

"అయితే మంగళవారం వస్తుంది. ఒక్కసారి మానితే కొంప మునుగుతుందా? రా, ఒక ముద్ద తిని పో."

ఫ్లోరికా చేతులు మంచం పట్టెని గట్టిగా పట్టుకున్నాయి. ఒక్కసారి. మెషీను దగ్గర ఆమె పక్క మంచం వాడు కొడుకు పెళ్ళని ఒక్కసారి మానేశాడు. పెళ్ళి బాగా జరిగింది. ఆ మరుసటి వారానికి ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. ఇవాళ మానితే మంగళవారం దాకా. మంగళవారం దాకా ఉంటే, సోమవారం ఆపరేషన్ పోయినట్టే. సోమవారం పోతే ఈ మంచమే. ఈ మంచం, ఈ పైకప్పు, ఫలానాది ఎక్కడుందే అన్న కేక. ఎన్నాళ్ళో కాదు. అయినా ఉన్నన్నాళ్ళూ ఇదే. జీవోయిన్ వెనక్కి తిరగబోతున్నాడు. బల్లల దగ్గర రొట్టె విరుస్తున్నారు. నోరు తెరవాలి. నోరు తెరవడానికి ముందు కళ్ళు అలవాటుగా మొగుడి మొహం కోసం వెతికాయి. అతను అటు తిరిగి ఉన్నాడు. వీపే కనిపించింది. వీపు ఏమీ చెప్పదు.

"జీవోయిన్!"

అంత గొంతు తనకుందని ఆమెకే తెలియదు. రొట్టె విరిచే చేతులు ఆగాయి.

"స్ట్రెచర్ పట్టుకురా. నేనొస్తున్నాను."

జీవోయిన్ ఆమె వైపు చూసి, ట్రాయిలో వైపు చూశాడు.

"అటు చూస్తావేంరా? మంచం మీద ఉన్నది ఆయనా? నన్నడుగు."

"వెళ్తావా పిన్నీ?"

"వెళ్తాను. ఇవాళే కాదు, సోమవారం దాకా అక్కడే ఉంటాను. తుంటికి ఆపరేషన్ చేయించుకుంటున్నాను. సంతకం నాదంట."

ట్రాయిలో దగ్గరికి వచ్చాడు. మొహం ఎర్రబడింది, గొంతు మాత్రం తగ్గింది. "ఫ్లోరికా, జనం ముందు ఏంటిది? ఇదంతా ఎవరి కోసం చేస్తున్నాననుకున్నావు?"

"నా కోసమే. తెలుసు. కాదనడం లేదు."

"సగం మంది పోతారని చెప్పిందిగా ఆవిడ!"

"సగం మంది ఉంటారని నాకు చెప్పింది."

అత్త కర్ర నేలకేసి కొట్టింది. "పెట్టిన అన్నం వదిలేసి పోతావటే? కొవ్వొత్తి వెలిగించాక లేచిపోతే అపచారం!"

ఫ్లోరికా ఆమె వైపు తిరిగింది. "నీ పొమాన పెట్టి పద్దెనిమిదేళ్ళయిందత్తా. నువ్వే ఇంకా బయల్దేరలేదు. నన్నెందుకు తొందరపెడతావు?"

ఎక్కడో వెనక బల్ల దగ్గర ఎవరో ఆడమనిషి ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. పేర్సిదా లేచి నిలబడింది. ఎవరూ చెప్పకుండానే వచ్చి స్ట్రెచర్ రెండో వైపు పట్టింది. కొత్త బూట్లు కిర్రుమన్నాయి. మంచం మీంచి ఎత్తుతుంటే ఫ్లోరికాకి కళ్ళు బైర్లు కమ్మాయి. అరిచింది. ఈసారి పళ్ళు కరుచుకోలేదు, గట్టిగానే అరిచింది.

వ్యాను తలుపు దగ్గర ట్రాయిలో నిలబడ్డాడు. అడ్డం నిలబడలేదు. పక్కన నిలబడ్డాడు, టోపీ చేతుల్లో తిప్పుకుంటూ. వయసు ఒక్కసారిగా మీద పడ్డట్టు కనిపించాడు.

"నా బూట్లు కావాలి," అంది ఫ్లోరికా.

అతను పేర్సిదా కాళ్ళ వైపు చూశాడు. "అవి..."

"అవి పేర్సిదావి. ఆమె కొలతకి కొన్నావు, ఆమెనే ఉంచుకోనీ. నావి. పాతవి. నడిపిస్తామన్నారు, కాళ్ళకి ఏవైనా ఉండాలి కదా."

"ఎక్కడున్నాయి?"

ఎక్కడున్నాయో ఆమెకి తెలుసు. వంటింటి తలుపు వెనక, జల్లెడ మేకు కింద, కుడి మడమ అరిగిపోయిన నల్ల బూట్లు. పడ్డ రోజు వాటిని ఎవరో కాళ్ళ నుంచి లాగి అటు విసిరారు. మాట నాలుక చివరికి వచ్చింది. నలభై ఏళ్ళుగా వచ్చినట్టే వచ్చింది. ఆమె పెదాలు మూసుకుంది.

"వెతుకు," అంది. "నేను ఇక్కడే ఉంటాను."

జీవోయిన్ ఇంజను ఆపాడు. ట్రాయిలో బల్లల మధ్యనుంచి, ఊరు చూస్తుండగా, ఇంట్లోకి వెళ్ళాడు. లోపల ఒక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మూసుకుంది. తర్వాత ఇంకో తలుపు.